డెబ్భై తొమ్మిది శాతం పిస్తోలు

కొండవానిపేట కలెక్టరు కచేరీలో ఆయుధాల సెక్షన్ అనేది ఒకటుందని ఆ కచేరీలో పనిచేసేవాళ్ళలోనే చాలామందికి తెలీదు. మెట్ల కింద, జనరేటర్ గదికీ పాత బ్యాలెట్ పెట్టెల గదికీ మధ్య ఒక ఇరుకు గది. అందులో ఒక బల్ల, ఒక బీరువా, వాటి వెనక పదహారేళ్ళుగా గేదెల సన్యాసిరావు. జిల్లా మొత్తానికి నూట నలభై మూడు తుపాకీ లైసెన్సులు. అడవి పందులకు భయపడే రైతులవి కొన్ని, బ్యాంకు కాపలాదారులవి కొన్ని, తాతల పరువు గోడకు తగిలించుకున్న జమీందారీ వారసులవి మిగతావి. మూడేళ్ళకోసారి వాటికి రెన్యువల్ చెయ్యడం ఆయన పని. మిగతా వేళల్లో చల్లగా, నిమ్మళంగా, ఎవరికీ అపకారం చెయ్యకుండా కూర్చునేవాడు.

అలాంటి మనిషి బల్ల మీదకి ఒక సోమవారం రాజధాని నుంచి సర్క్యులర్ వచ్చింది.

"సమస్త జిల్లాధికారులకు తెలియజేయునదేమనగా, ఎనుబది శాతము గాని అంతకు లోబడి గాని సంపూర్తియైన వస్తువు, అది ఏ రూపమున నున్నను, ఆయుధమను నిర్వచన పరిధిలోనికి రాదు. దానిని ఇనుప వస్తువుగా మాత్రమే పరిగణింపవలయును."

సన్యాసిరావు రెండుసార్లు చదివాడు. ఎవరో ఎక్కడో ఏదో అడిగి ఉంటారు, దానికి ఓ కమిటీ కూర్చుని ఉంటుంది, ఆ కమిటీ టీలు తాగి లేచేముందు ఏదో ఒకటి రాసి ఉంటుంది అనుకున్నాడు. కాగితానికి చిల్లు పొడిచి, ఫైల్లో గుచ్చి, టీకి వెళ్ళాడు.

ఆ కాగితం అర్థం ఆయనకు రెండు నెలల తరవాత ఒక గురువారం తెలిసింది. ఆ రోజు పదకొండింటికి కామేశ్వర పట్నాయక్ గారు వచ్చారు. బ్యాంకు మేనేజరుగా రిటైరైన మనిషి, ఇస్త్రీ నలగని చొక్కా, ఊళ్ళో నాలుగు సంఘాలకు అధ్యక్షుడు. చేతిలో మిఠాయి పెట్టెంత అట్టపెట్టె. దాన్ని బల్ల మీద పెట్టి, పెళ్ళిలో నగలు చూపించినట్టు మూత తీశారు.

లోపల, మెత్తటి స్పాంజిలో గుంటలు చేసి, విడివిడిగా ఇనుప ముక్కలు అమర్చి ఉన్నాయి. ముక్కలు ముక్కలుగానే ఉన్నా, అన్నీ కలిపితే ఏమవుతుందో చిన్నపిల్లాడైనా చెప్పగలడు.

"ఇదేమిటో చెప్పండి చూద్దాం," అన్నారు పట్నాయక్ గారు.

"పిస్తోలండీ."

"మీరే అలా అంటే ఎలా? సర్క్యులర్ మీకు రాలేదా? ఇది ఎనభై శాతమే. కిట్ అంటారు. కంపెనీవాళ్ళు ఎనభై చేసి పంపుతారు, మిగతా ఇరవై మనం ఇంట్లో తీరిగ్గా చేసుకుంటాం. కాబట్టి ఇది ఇనుప వస్తువు."

"మిగతా ఇరవై చేసేస్తే?"

పట్నాయక్ గారు జాలిగా చూశారు. "చేసేస్తే నేరమండీ. చేస్తూ ఉంటే హాబీ."

ఆయన గతంలో స్టాంపులు సేకరించారట. తరవాత మరుగుజ్జు చెట్లు పెంచారట. అవి పెరగలేదు, ఈయనకు బీపీ పెరిగింది. చేతికి పని కావాలని డాక్టరు చెప్పాడు. ఇప్పుడు రోజూ పొద్దున్న కాఫీ తాగి ఇనుము అరగదీసే ఆకురాయి పట్టుకుంటే, మళ్ళీ భోజనానికి పిలిస్తేనే ఈ లోకంలోకి వస్తున్నారు. ఆయన్ని చూసి ఇద్దరు లెక్చరర్లు, ఒక పళ్ళ డాక్టరు, ఒక కళ్యాణమంటపం యజమాని కూడా కిట్లు తెప్పించారు. సంఘం పెట్టారు. దాని పేరు గృహ లోహ కళాభిమాన సమితి.

"అయితే నాతో ఏం పనండీ?" అన్నాడు సన్యాసిరావు.

"మాకు సర్టిఫికెట్ కావాలి. ఇది ఎనభై దాటలేదని ప్రభుత్వం వారు చేతిరాతతో ఇస్తే, గోడకు పటం కట్టించుకుంటాం."

సన్యాసిరావు ఆ సంగతి పైకి మోసుకెళ్ళాడు. పైన అంటే జిల్లా రెవెన్యూ అధికారి విశ్వంభరం గారి గదికి. విశ్వంభరం గారిది దొడ్డ శరీరం, దానికి తగ్గ భాష. మామూలుగా మనం 'వాన పడింది' అంటాం. ఆయన 'వర్షపాతం సంభవించింది' అంటారు.

"శాత నిర్ధారణ అనేది పౌరుడి హక్కు, పరిపాలన బాధ్యత," అన్నారాయన కుర్చీలో వెనక్కి వాలి. "కానీ దేని ప్రాతిపదికన నిర్ధారిస్తాం? బరువు చొప్పునా, పొడవు చొప్పునా? స్పష్టీకరణ కోరుతూ పైకి రాయవయ్యా."

రాశారు. నలభై రోజులకు జవాబొచ్చింది. 'శాతమును బరువు చొప్పున కొలవవలెనా, పొడవు చొప్పున కొలవవలెనా' అన్న ప్రశ్నకు రాజధాని వారు ఒకే మాట రాశారు: 'కొలవవలెను.'

ఇక లాభం లేదని విశ్వంభరం గారే ఒక విధానం రూపొందించారు. రూపానికి నలభై మార్కులు, బరువుకు ముప్ఫై, ఉద్దేశానికి ముప్ఫై. వస్తువు తెచ్చిన మనిషిని 'దీన్ని ఏ ఉద్దేశంతో చేశారు' అని అడగాలి. 'కాల్చడానికి' అంటే ముప్ఫైకి ముప్ఫై. 'ఏ ఉద్దేశమూ లేదు' అంటే సున్నా.

సన్యాసిరావు కాసేపు లెక్క వేసుకున్నాడు. "అయ్యా, ఇక్కడికొచ్చి కాల్చడానికని ఎవడూ చెప్పడండి. ఆ లెక్కన విశ్వకర్మ దిగొచ్చి చేసిన పిస్తోలైనా డెబ్భై దాటదు."

విశ్వంభరం గారు ఆలోచించారు. "మరీ డెబ్భై అంటే ఔత్సాహికులు నిరుత్సాహపడతారయ్యా. ఒక తొమ్మిది ప్రోత్సాహక మార్కులు కలుపు."

అలా కొండవానిపేట జిల్లాలో ప్రతి పిస్తోలూ డెబ్భై తొమ్మిది శాతం అయింది. సన్యాసిరావు శాతాధికారి అయ్యాడు. గది బయట కొత్త బోర్డు కట్టారు. పదహారేళ్ళుగా తిరగని ఫ్యాను బాగుచేయించారు.

జనం రావడం మొదలైంది. మొదటి నెల వారానికి ముగ్గురు. రెండో నెల రోజుకు పదిమంది. మూడో నెలకి వరండాలో బెంచీలు వేశారు. ఒకాయన గుడ్డలో చుట్టి తెచ్చిన పిస్తోలు తళతళా మెరిసిపోతోంది, కదిలే భాగాలు కదులుతున్నాయి, ముట్టుకుంటే టక్కుమంటోంది. సన్యాసిరావు దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇందులో ఇంకేం మిగిలిందండీ?" అని అడిగాడు. ఆయన జేబులోంచి ఒక మర తీసి చూపించాడు. "ఇది బిగించాలి. ఇంకా మనసు రావడం లేదు."

డెబ్భై తొమ్మిది.

ఒక పెద్దావిడ రెండు తెచ్చింది, కొడుక్కొకటి అల్లుడికొకటి. రెండూ కలిపితే నూట యాభై ఎనిమిది అవుతుందేమో, ఇబ్బంది ఉండదు గదా అని భయపడింది. దేని శాతం దానిదేనని ఆయన ధైర్యం చెప్పి పంపాడు. పెళ్ళిళ్ళలో కిట్లు చదివింపులుగా వస్తున్నాయని, ఆడవాళ్ళ చీటీల దగ్గర కూడా ఆకురాళ్ళ ధరలే మాట్లాడుకుంటున్నారని భార్య నీలవేణి చెప్పింది.

అసలు తుపాకీలున్న నూట నలభై మూడు మంది కూడా తెలివి తెచ్చుకున్నారు. ఒక్కో మర ఊడదీసి, తుపాకీని డెబ్భై తొమ్మిది చేయించుకుని, లైసెన్సు వెనక్కి ఇచ్చేశారు. ఆ ఏడాది చివర జిల్లా నివేదికలో 'మొత్తం ఆయుధాలు' అన్న చోట సున్నా పడింది. రాజధాని వారు ముగ్ధులై, కొండవానిపేటను నిరాయుధ జిల్లాగా ప్రకటిస్తామని, కలెక్టరు గారికి జ్ఞాపిక ఇస్తామని రాశారు. ఆ జ్ఞాపికలో తన వంతు ఎంతో విశ్వంభరం గారు రోజూ లెక్కేసుకునేవారు.

మంచి కబురు ఒక ఆఫీసులో ఆగదు గదా. ఇంజనీరింగు శాఖ వారు ఆ సర్క్యులర్ జిరాక్సు పట్టుకెళ్ళారు. ఎనభై శాతం పూర్తయిన వంతెన వంతెన కాదు కాబట్టి, అది కూలినా వంతెన కూలినట్టు కాదని తేల్చుకుని ఊపిరి పీల్చుకున్నారు.

అంతా సవ్యంగానే ఉంది, ఒక్క పోలీసు శాఖకు తప్ప. ప్రతి స్టేషనూ ఏడాదికి ఇన్ని అక్రమ ఆయుధాల కేసులు చూపించాలని వాళ్ళకో లక్ష్యం ఉంటుంది. జిల్లాలో ఆయుధాలు సున్నా అయ్యేసరికి టౌన్ ఎస్సై జోగినాథానికి దిక్కు తోచలేదు. లక్ష్యం గడువు దగ్గరపడ్డాక ఆయన జీపు వేసుకుని ఊరంతా తిరిగాడు. చివరికి బస్సు కాంప్లెక్సు వెనక కమ్మరి ఎర్రయ్య కొట్టు ముందు ఆగాడు.

ఎర్రయ్యకు అరవై దాటాయి. నలభై ఏళ్ళుగా అక్కడే కొలిమి. కత్తిపీటలు, కొడవళ్ళు, అట్లకాడలు, కొబ్బరి కోరాలు. ఆయన కత్తిపీట ఇంట్లో ఉంటే కోడలికిచ్చి పోవచ్చని ఊళ్ళో అనుకుంటారు. ఎస్సై పదకొండు కత్తిపీటలు, వాటితో పాటు ఎర్రయ్యని కూడా జీపెక్కించాడు. కేసు నిలబడాలంటే శాతం సర్టిఫికెట్ కావాలి. ఒక కత్తిపీటకు చీటీ కట్టి సన్యాసిరావు బల్ల మీద పెట్టాడు.

సన్యాసిరావు దాన్ని చూసి గుర్తుపట్టాడు. ఇలాంటిదే తన వంటింట్లో ఉంది.

"ఎస్సై గారూ, ఇది కత్తిపీటండీ."

"పదును చూడండి. పొడవు చూడండి. మా పని పట్టుకోవడం, మీ పని మార్కులెయ్యడం."

విధానం ప్రకారం ఉద్దేశం అడగాలి కాబట్టి, సన్యాసిరావు కత్తిపీట పట్టుకుని స్టేషనుకు వెళ్ళాడు. ఎర్రయ్య లాకప్‌లో గోడకు జేరగిలి కూర్చున్నాడు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, పనిలేని చేతుల్ని ఏం చెయ్యాలో తెలియనట్టు చూసుకుంటున్నాడు.

"ఎర్రయ్యా, ఇది ఎందుకు చేశావు?"

"కొయ్యడానికి బాబూ."

సన్యాసిరావు కలం ఆగింది. చుట్టూ చూసి, ఊచల దగ్గరికి వంగి గొంతు తగ్గించాడు. "అలా అనకూడదు. నాకే ఉద్దేశమూ లేదు అను. అనేస్తే డెబ్భై తొమ్మిది వేసి సాయంత్రానికి ఇంటికి పంపించేస్తాను."

"డెబ్బై తొమ్మిదంటే ఏటి బాబూ?"

"అంటే ఇంకా పూర్తి కాలేదని. చెయ్యాల్సిన పని మిగిలే ఉందని."

ఎర్రయ్య ఊచల సందులోంచి చెయ్యి చాపి కత్తిపీట అంచు తడిమాడు. తరవాత నిదానంగా అన్నాడు. "నలభయ్యేళ్ళు సేసినాను బాబూ ఈ పని. సగం పని సేసి ఎవరికీ ఇయ్యనేదు. ఇప్పుడు సర్కారోరి కాగితం మీద ఎర్రయ్య కత్తిపీటకి వంకుందని రాస్తే, రేపు నాను కొలిమి కాడ ఎలాగ కూకోను? కొయ్యడానికే సేసినాను. బాగా కోస్తాది. అదే రాసీ."

"రాస్తే జైలుకెళ్తావయ్యా."

"సేసింది సెప్పినందుకెల్తే ఎల్తాను."

సన్యాసిరావు ఆ రోజు మార్కులు వెయ్యలేదు. పరిశీలనలో ఉంది అని రాసి ఊరుకున్నాడు. ఎర్రయ్యను పధ్నాలుగు రోజుల రిమాండుకు సబ్ జైలుకు పంపారు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే, వంటింట్లో నీలవేణి వంకాయలు తరుగుతున్న చప్పుడు. ఆ రోజు ఆయన అన్నం సరిగ్గా తినలేదు. ఎవరి పిస్తోలుకైనా క్షణంలో సంతకం పెట్టిన చెయ్యి, కత్తిపీట దగ్గర ఎందుకాగిందో ఆయనకే తెలియలేదు.

ఆ పధ్నాలుగు రోజుల మధ్యలోనే, జిల్లా పరిషత్ హాల్లో, గృహ లోహ కళాభిమాన సమితి వారి వార్షిక ప్రదర్శన వచ్చింది. రెండు వందల పన్నెండు ఇనుప వస్తువులు మఖమల్ గుడ్డ మీద వరసగా పేర్చారు. పక్కనే సన్యాసిరావు సంతకాలున్న పటాలు. వేదిక మీద విశ్వంభరం గారు, పట్నాయక్ గారు, చివరి కుర్చీలో శాలువా కప్పిన సన్యాసిరావు.

విశ్వంభరం గారు మైకు పట్టుకున్నారు. "సంపూర్ణత అనేది అహంకారానికి దారి తీస్తుంది. అసంపూర్ణత వినయానికి నిదర్శనం. ఈ వేదిక మీద నుంచి చూస్తుంటే నాకు రెండు వందల పన్నెండు వినయాలు కనిపిస్తున్నాయి."

చప్పట్లు మోగాయి. ఉపన్యాసం అయ్యాక పట్నాయక్ గారు తన సొంత వస్తువును తెచ్చి, ఫోటో కోసం విశ్వంభరం గారి చేతికిచ్చారు. ఆయన దాన్ని ఛాతీకి ఆనించి పట్టుకున్నారు. ఫోటోగ్రాఫరు కొంచెం పక్కకి అన్నాడు. కొంచెం పక్కకి తిప్పారు. ఇంకొంచెం కిందకి అన్నాడు. దించారు.

పేలింది.

సన్యాసిరావు ముందు తనకేమీ కాలేదనుకున్నాడు. శాలువా కుచ్చుల్లోంచి సన్నగా పొగ వస్తుంటే, పాపం ఖరీదైన శాలువా అనుకున్నాడు. ఆ తరవాత ఎడమ పిక్క మీద ఎవరో కణకణలాడే అట్లకాడ పెట్టినట్టయింది. కిందకి చూస్తే చెప్పు తడిసి ఉంది.

"గుండు ఎక్కడిదండీ అందులో?" అని ఎవరో అడిగారు.

"అదీ కిట్‌లోదేనండీ," అన్నారు పట్నాయక్ గారు తెల్లబోయి. "అదీ ఎనభై లోపే."

పెద్దాసుపత్రిలో డ్యూటీ డాక్టరమ్మ గాయం కడిగి, గుడ్డ కట్టి, రిజిస్టరు తెరిచింది. గుండు పిక్కలోంచి దూసుకుపోయింది, ఎముకకు తగల్లేదు, నెలలో నడుస్తారు అంది. కానీ రాయడం దగ్గర ఆగింది.

"తుపాకీ గాయం అని రాస్తే తుపాకీ ఏదని అడుగుతారు. జిల్లాలో తుపాకీలు సున్నా అని మొన్ననే పేపర్లో వచ్చింది. నాకెందుకొచ్చిన గొడవండీ," అని, 'ఇనుప వస్తువు వల్ల ఏర్పడిన రంధ్రం, రెండు' అని రాసుకుంది.

మర్నాడు పొద్దున్న విశ్వంభరం గారు యాపిల్ పళ్ళతో వచ్చారు. మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నారు. నీలవేణి పక్కనే నిలబడి, ఆయన్ని చూసీ చూడనట్టు ఫ్లాస్కులో పాలు పోస్తోంది.

"నిన్నటి అవాంఛనీయ శబ్ద సంఘటన మీద విచారణ వేశారయ్యా," అన్నారాయన. "నివేదికకు నీ ధ్రువీకరణ కావాలి. సంఘటన సమయంలో కూడా ఆ వస్తువు డెబ్భై తొమ్మిది శాతమే ఉందని ఒక్క ముక్క."

"పేలింది గదండీ."

"పేలడం అనేది ప్రవర్తన. శాతం అనేది స్వరూపం. స్వరూపాన్ని ప్రవర్తనతో ముడిపెట్టకూడదు. నిన్ను చూడు, నువ్వు సీనియర్ అసిస్టెంటువి. చేసేది సూపరింటెండెంటు పని. అంతమాత్రాన సూపరింటెండెంటువి అయిపోయావా? కాలేదు." ఆయన కాస్త ఆగి, మెల్లగా చేర్చారు. "కావచ్చు. వచ్చే నెల ఖాళీ ఉంది."

సన్యాసిరావు దుప్పటి కట్టు మీదికి లాక్కున్నాడు.

"ఇంకొక్కటి. ఆ కత్తిపీట సంగతి తేల్చలేదట. ఎల్లుండి వాడి రిమాండు గడువు అయిపోతుంది. కోర్టు వారు నీ సర్టిఫికెట్ అడిగారు. విధానం ప్రకారం వెయ్యి. రూపం నలభై, బరువు ముప్ఫై, ఉద్దేశం వాడే ఒప్పుకున్నాడు గనక ముప్ఫై. నిరాయుధ జిల్లాలో ఒక్క కేసైనా పట్టుకున్నామంటే మన నిఘా ఎంత పటిష్ఠంగా ఉందో రాజధానికి తెలుస్తుంది."

ఆయన వెళ్ళిపోయాక నీలవేణి పాల గ్లాసు అందించింది.

"ఏమండీ, నాకు అర్థం కాక అడుగుతాను. కూరలు తరిగే కత్తిపీట నూటికి నూరు ఆయుధం. మిమ్మల్ని కాల్చింది డెబ్భై తొమ్మిది. అంతేనా?"

"లెక్క అలాగే వస్తోంది."

"మరి ఆ మిగతా ఇరవై ఒకటి ఎక్కడుందండీ? మీ కాల్లోనా?"

సన్యాసిరావుకు నవ్వొచ్చింది. నవ్వితే పిక్క లాగింది. లాగుతున్న పిక్కతోనే చాలాసేపు పడుకుని పైకప్పు చూశాడు. ప్రదర్శనలో ఉన్నవే రెండు వందల పన్నెండు సంతకాలు. ప్రతి సంతకం కిందా తారీఖు, ముద్ర. తన కాల్లోంచి దూసుకుపోయింది ఎవడి సంతకమో కాదు, తనదే. ఆ పిక్క తనది కాబట్టి సరిపోయింది. ముందు వరసలో సమితి వాళ్ళ పిల్లలు కూర్చుని ఉన్నారు.

"నా కలం ఇవ్వు," అన్నాడు.

నీలవేణి సంచిలోంచి తీసి ఇచ్చింది. పొట్ట మీద అట్ట పెట్టుకుని రెండు కాగితాలు రాశాడు. ఇరవై ఏడేళ్ళ ఉద్యోగంలో ఆయన అంత పొట్టిగా ఎప్పుడూ రాయలేదు.

మొదటిది: 'నన్ను కాల్చిన వస్తువు పిస్తోలు. నూటికి నూరు శాతం. నేను గతంలో దానికి డెబ్భై తొమ్మిది అని ఇచ్చినది తప్పు. మిగతా వాటన్నిటికీ ఇచ్చినవి కూడా తప్పే.'

రెండోది: 'కమ్మరి ఎర్రయ్య చేసినది కత్తిపీట. నూటికి నూరు శాతం కత్తిపీట. ఆయుధం సున్నా.'

ఆ కాగితాలు మూడు ప్రతులు తీయించి, ఒకటి విచారణకు, ఒకటి కోర్టుకు, ఒకటి కలెక్టరు గారి పేరున నేరుగా పంపించమని నీలవేణికిచ్చాడు. ఆవిడ పోస్టు చెయ్యలేదు. ఆటో కట్టించుకుని తనే వెళ్ళి, మూడు చోట్లా ముద్ర వేయించుకుని వచ్చింది.

రెండు రోజుల తరవాత కోర్టులో మేజిస్ట్రేటు గారు సర్టిఫికెట్ చదివి, కత్తిపీట చేతిలోకి తీసుకుని, ఎస్సై వైపు చూశారు.

"జోగినాథం గారూ, మీ ఇంట్లో కూరలు ఎలా తరుగుతారు?"

ఎర్రయ్యని అరగంటలో వదిలేశారు. ఆయన బయటికొస్తూ, పదకొండు కత్తిపీటలూ ఇస్తేగాని కదలనని మెట్ల మీద కూర్చున్నాడు. ఇచ్చారు. లెక్క చూసుకుని, ఒకదానికి తుప్పు పట్టించారని సణుక్కుంటూ వెళ్ళాడు.

సన్యాసిరావు విషయం అంత తొందరగా తేలలేదు. విశ్వంభరం గారు రెండు వారాలు మాట్లాడలేదు. తరవాత తప్పుడు ధ్రువీకరణలు జారీ చేశావని సంజాయిషీ అడిగారు. చేశానని రాశాడు. ఎందుకు చేశావని అడిగారు. మీరు రూపొందించిన విధానం ప్రకారం అని, ఆ విధానం ప్రతిని జతపరిచాడు. ఆ తరవాత ఎవరూ ఏమీ అడగలేదు. ఆయన్ని మాత్రం విపత్తు నివారణ సెక్షనుకు బదిలీ చేశారు. సూపరింటెండెంటు ఖాళీ వేరేవాళ్ళకి వెళ్ళింది. ఇంక్రిమెంటు ఒకటి పోయింది.

పట్నాయక్ గారి మీద కేసు పెట్టారు. వాయిదాకు వచ్చేసరికి ఆయన పిస్తోలులోంచి రెండు మరలు మాయమయ్యాయి. విచారణ సాగుతూనే ఉంది. ఆయన మాత్రం, సన్యాసిరావు ఇంకా మంచం మీద ఉండగానే, ఒకరోజు ఆసుపత్రికొచ్చి, స్టూలు మీద కూర్చుని, కట్టు వైపు చూశారు. "నేను నిజంగా అది పేలుతుందనుకోలేదండీ సన్యాసిరావు గారూ. నేను చేసినవేవీ ఇంతవరకూ పనిచెయ్యలేదు," అన్నారు. ఆ మాట అబద్ధమని సన్యాసిరావుకు అనిపించలేదు. యాపిల్ పండు కోసి పెట్టాడు.

సన్యాసిరావు నివేదిక చివరికి రాజధానికి వెళ్ళింది. అక్కడ దాన్ని తీవ్రంగా తీసుకున్నారు. ఉన్నతస్థాయి సమావేశం జరిపారు. ఇలాంటి దురదృష్టకర సంఘటనలు మళ్ళీ జరగకూడదని అందరూ ఏకగ్రీవంగా అంగీకరించారు. రెండు నెలలకు సవరణ వచ్చింది.

"పూర్వపు సర్క్యులరులో 'ఎనుబది శాతము' అని ఉన్నచోటులన్నిటను 'తొంబది శాతము' అని చదువుకొనవలయును."

ఆ కాగితం వచ్చిన రోజు ఆయుధాల సెక్షన్ వరండాలో బెంచీలన్నీ నిండిపోయాయని కొత్త శాతాధికారి ఫోన్ చేసి చెప్పాడు. ప్రోత్సాహక మార్కులు ఇప్పుడు ఎన్ని కలపాలో తెలియడం లేదు, కాస్త సలహా చెప్పండి అన్నాడు.

"నాకు తెలీదు బాబూ," అని ఫోన్ పెట్టేశాడు సన్యాసిరావు.

ఆ సాయంత్రం ఆయన కుంటుకుంటూ బస్సు కాంప్లెక్సు వెనక్కి వెళ్ళాడు. నీలవేణి అట్లకాడ పిడి ఊడిపోయింది, కొత్తది కావాలంది. ఎర్రయ్య కొలిమి ముందు గొంతుక్కూచుని ఏదో సాగగొడుతున్నాడు. ఆయన్ని చూసి లేవబోతే, సన్యాసిరావు వద్దని చెయ్యి ఊపాడు. ఎర్రయ్య భుజం మీది కండువాతో చెక్కమొద్దు మీద బొగ్గునుసి తుడిచాడు.

"కాలెలాగుంది బాబూ?"

"నడుస్తోంది. ఒక అట్లకాడ కావాలి ఎర్రయ్యా."

ఎర్రయ్య ఇనుప రేకుల్లో ఒకదాన్ని ఏరి, వద్దని పక్కనపెట్టి, ఇంకోదాన్ని ఏరి నిప్పుల్లో పెట్టాడు. తిత్తి ఊదాడు. రేకు అంచులు నెమ్మదిగా ఎర్రబడుతున్నాయి.

"ఎంతసేపు పడుతుంది?" అన్నాడు సన్యాసిరావు.

"అయ్యేదాకా," అన్నాడు ఎర్రయ్య.

సన్యాసిరావు చేతికర్ర పక్కన పెట్టి, చెక్కమొద్దు మీద కూర్చున్నాడు.